మియాటా సస్పెన్షన్‌లో లొడలొడ: కారణం పట్టుకోవడం, సరిచేయడం

మాజ్దా ఎంఎక్స్-5ను అమెరికాలో అందరూ మియాటా అనే పిలుస్తారు. 1989 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో తొలిసారి కనిపించిన ఈ రెండు సీట్ల కారులో నాలుగు చక్రాలకూ డబుల్ విష్‌బోన్ సస్పెన్షన్ ఉంటుంది. అంటే ప్రతి చక్రాన్నీ పైన ఒకటి, కింద ఒకటి చొప్పున రెండు ఆర్ములు పట్టుకుని ఉంటాయి. స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ ఒకే స్తంభంగా కలిసి కింది ఆర్మ్ నుంచి పైకి వెళ్లి బాడీకి బిగుసుకుంటాయి. 1997 వరకు వచ్చిన మొదటి తరానికీ, 2005 వరకు సాగిన రెండో తరానికీ ఈ అమరిక మౌలికంగా ఒక్కటే కాబట్టి ఇక్కడ చెప్పే పద్ధతి రెండింటికీ పనికొస్తుంది. వారాంతాల్లో సరదాగా నడుపుకోవడానికి పాత మియాటా కొనుక్కున్న తెలుగువాళ్లు న్యూజెర్సీలోనూ టెక్సస్‌లోనూ నాకు కొందరు తెలుసు. కారు ఇంటికి వచ్చిన నెలలోపే వాళ్లు ఫోన్ చేసి అడిగేది దాదాపు ఒకే ప్రశ్న: “ముందు చక్రం దగ్గర ఏదో లొడలొడమంటోంది, షాక్‌లు పోయినట్టేనా?”

కాకపోవచ్చు. ఆ మాట నేను కొంత డబ్బు పోగొట్టుకున్నాకే నేర్చుకున్నాను. నా 1996 కారు కుడివైపు ముందు చక్రం దగ్గర చప్పుడు మొదలైనప్పుడు ఒక వర్క్‌షాపులో చూపిస్తే, బానెట్ కూడా ఎత్తకుండానే షాక్‌లు మార్చాలన్నారు. కూలీ ఖర్చు మిగుల్చుకుందామని నాలుగు షాక్‌లూ కొని, రెండు శనివారాలు వెచ్చించి నేనే మార్చాను. కారు నడక బాగుపడింది, చప్పుడు మాత్రం ఉన్నచోటే ఉంది. చివరికి తేలిందేమిటంటే స్టెబిలైజర్ లింకు (మలుపులో కారు ఒరగకుండా ఆపే కడ్డీని కింది ఆర్మ్‌తో కలిపే పొట్టి ముక్క) పైకొస అరిగిపోయింది. షాక్‌ల ఖరీదుతో పోలిస్తే అది చిల్లర ఖర్చు. అందుకే ఈ వ్యాసంలో విప్పి బిగించే పని కన్నా చప్పుడు జాడ తీసే పనికే ఎక్కువ చోటు ఇచ్చాను. దోషం ఎక్కడుందో రుజువయ్యేదాకా ఏ భాగమూ కొనకూడదు.

చప్పుడుకు సరైన పేరు పెట్టడం

ఈ విషయంలో తెలుగు మాట్లాడేవారికి ఒక సౌలభ్యం ఉంది. ధ్వనుల్ని వేరు చేసి చెప్పే మాటలు మన దగ్గర పుష్కలంగా ఉన్నాయి; వాటిని జాగ్రత్తగా వాడితే సగం రోగనిర్ణయం కారు ఎత్తకముందే అయిపోతుంది. చిన్న చిన్న గతుకుల మీద, తక్కువ వేగంలో, వరుసగా లొడలొడమనో టకటకమనో వినిపిస్తే ఎక్కడో లోహపు కీలులో కొద్దిపాటి వదులు ఏర్పడిందని అర్థం. లింకు, బాల్ జాయింట్ (ఆర్మ్ కొసన గిన్నెలో గుండు తిరిగే కీలు), షాక్ పైకొస నట్టు మొదటి అనుమానితులు. పెద్ద గుంతలో చక్రం దిగినప్పుడు మాత్రమే ధబ్బుమని ఒక్కసారి మోగితే షాక్ తన ప్రయాణం చివరికి వెళ్లి బంప్ స్టాప్ అనే ఆపు దిమ్మను గుద్దుకుంటోందని అనుకోవచ్చు. ఈ కారులో చక్రం పైకి కదిలే దూరం అసలే తక్కువ, ఎత్తు తగ్గించిన కార్లలో ఇంకా తక్కువ. కిర్రుమని సాగే శబ్దం ఆర్ముల కీళ్లలో ఉండే రబ్బరు లేదా పాలీయురిథేన్ తొడుగు, అంటే బుష్, ఎండిపోవడం వల్ల వస్తుంది. అది చెవికి చిరాకే తప్ప ప్రమాదం కాదు. గలగలమని పల్చని రేకు చప్పుడైతే అది సస్పెన్షన్ కాకపోవడానికే అవకాశం ఎక్కువ, సైలెన్సర్ పైపు మీది వేడి రేకును చూడాలి. స్టీరింగు తిప్పినప్పుడు టక్కుమని ఒకే ఒక్కసారి వినిపిస్తే బాల్ జాయింట్ వైపు, స్టీరింగును చక్రంతో కలిపే కడ్డీ కొస (టై రాడ్ ఎండ్) వైపు, స్టీరింగ్ రాక్ బుష్‌ల వైపు చూపు మళ్లించాలి.

శబ్దం ఏ పరిస్థితిలో వస్తుందో కూడా కాగితం మీద రాసుకోవడం మంచిది. చల్లటి ఉదయం మాత్రమే వస్తోందా, ఎండెక్కాక తగ్గుతోందా. బ్రేకు వేసినప్పుడు ఆగుతోందా. ఒక్క చక్రం గుంతలో పడినప్పుడా, రెండు చక్రాలూ ఒకేసారి స్పీడ్ బ్రేకర్ ఎక్కినప్పుడా. ఈ ప్రశ్నలకు జవాబులు తరవాత ఒక్కొక్కటిగా పనికొస్తాయి. నునుపైన రోడ్డు మీద యాక్సిలరేటర్ వదిలి మళ్లీ తొక్కినప్పుడు వెనక నుంచి ధబ్బుమంటే అది సస్పెన్షన్ జబ్బు కాదు, ఇంజను శక్తిని వెనక చక్రాలకు పంచే డిఫరెన్షియల్‌ను పట్టుకున్న బుష్‌లది. ఆ దారి వేరు.

సస్పెన్షన్ కానివాటిని ముందు తీసేయడం

మియాటా ఒక టన్ను అటూ ఇటూగా బరువుండే తేలికైన కారు. శబ్దాన్ని అణచే తివాచీలు, మందపాటి పొరలు ఇందులో తక్కువ. కాబట్టి డిక్కీలో దొర్లే స్పానర్ కూడా చక్రం కింద ఏదో విరిగినంత మోత చేయగలదు. కారు కిందికి దూరే ముందు డిక్కీ మొత్తం ఖాళీ చేసి, స్టెప్నీ బిగింపు, జాకీ బిగింపు చూసుకోవాలి. ఈ రెండు తరాల్లోనూ బ్యాటరీ ఇంజను దగ్గర కాకుండా డిక్కీలో కుడిపక్కన ఉంటుంది. దాని బిగింపు పట్టీ వదులైతే ప్రతి గతుకుకూ బ్యాటరీ గెంతుతూ అచ్చం వెనక షాక్ పోయినట్టే మోగుతుంది. పైగా అది కేవలం చప్పుడు సమస్య కాదు, బ్యాటరీ తీగలు రేకుకు తగిలితే నిప్పు పుట్టే ప్రమాదం. ఈ ఒక్క పట్టీ బిగించి కథ ముగించిన కార్లు నేను రెండు చూశాను.

తరవాత గుడ్డ టాపు. దాని ముందు కొక్కేలు, తలుపు అద్దాలు, అద్దాన్ని పట్టుకున్న రబ్బరు అంచులు కలిసి చేసే చప్పుడు తలకు దగ్గరగా ఉండటంతో చెవిని సులువుగా మోసం చేస్తుంది. టాపు పూర్తిగా మడిచి, అద్దాలు కిందికి దించి ఒకసారి, టాపు వేసి అద్దాలు ఎత్తి ఒకసారి అదే రోడ్డు మీద నడపాలి. టాపు తీసినప్పుడు శబ్దం మాయమైతే దోషం చక్రాల దగ్గర లేనట్టే. టాపు తీసినా ఉంటే, ఇప్పుడు అది ఎటువైపు నుంచి వస్తోందో ఇంకా స్పష్టంగా వినిపిస్తుంది.

బ్రేకుల విషయం ఇంకా సులువు. గతుకుల రోడ్డు మీద మెల్లగా వెళ్తూ బ్రేకు పెడల్‌ను చాలా తేలికగా, కారు వేగం పెద్దగా తగ్గనంత మాత్రమే తొక్కి పట్టాలి. చప్పుడు వెంటనే ఆగిపోతే వదులుగా ఊగుతున్నది బ్రేకు ప్యాడ్ గానీ, ప్యాడ్లను డిస్కుకు నొక్కే కాలిపర్ గానీ అయ్యుంటుంది; ప్యాడ్లను పట్టి ఉంచే సన్నని స్ప్రింగు క్లిప్పులు పాత బ్రేకు పనిలో ఎవరో తీసి పారేసి ఉంటారు, లేదా కాలిపర్ జారే పిన్నులు అరిగి ఉంటాయి. వెనక చక్రాల మీద అనుమానముంటే, వెనకా ముందూ వాహనాలు లేని చోట, బటన్ నొక్కి పట్టుకుని హ్యాండ్ బ్రేకును ఒకటి రెండు గీతలు మాత్రం లాగి ఇదే పరీక్ష చేయవచ్చు, ఎందుకంటే ఈ కారులో హ్యాండ్ బ్రేకు వెనక కాలిపర్ల మీదే పనిచేస్తుంది. క్లిప్పులు తిరిగి పెడితే, పిన్నులు శుభ్రం చేసి సరైన బ్రేకు గ్రీజు రాస్తే చాలు.

టైరు గాలి కూడా చూడాలి. మొదటి తరం కారుకు కంపెనీ చెప్పిన ఒత్తిడి 26 పీఎస్ఐ మాత్రమే. ఇతర కార్ల అలవాటుతో 35 నింపితే ప్రతి రాయీ నేరుగా వెన్నెముకకే తెలుస్తుంది, అంతకుముందు వినిపించని చిన్న వదులు కూడా పెద్దగా మోగుతుంది.

రోడ్డు మీది పరీక్ష, స్టెబిలైజర్ లింకుల మీద ప్రత్యేక దృష్టి

ఇక్కడ కొంచెం నిదానంగా ఆలోచించాలి, ఎందుకంటే నా అనుభవంలో ముందు చక్రాల లొడలొడలో ఎక్కువ భాగం ఈ లింకుల దగ్గరే తేలింది. స్టెబిలైజర్ బార్ అనేది కారు అడ్డంగా ఒక పక్క నుంచి రెండో పక్కకు సాగే వంపు తిరిగిన ఉక్కు కడ్డీ. మలుపులో కారు ఒక పక్కకు ఒరగకుండా అది అడ్డుకుంటుంది. దాని రెండు కొసలనూ కింది ఆర్ములతో కలిపే పొట్టి ముక్కలే లింకులు. మన ఊళ్లలో మెకానిక్కులు వీటిని లింక్ రాడ్ అంటారు. రెండు చక్రాలూ ఒకేసారి ఒకే ఎత్తుకు లేచినప్పుడు కడ్డీ తన బుష్‌లలో ఊరికే తిరుగుతుంది, లింకుల మీద పెద్దగా బలం పడదు. ఒక్క చక్రమే లేచినప్పుడు మాత్రం కడ్డీ మెలిపడుతుంది, లింకు కొసలు ఒక్కసారిగా ఒత్తిడికి లోనవుతాయి. గతుకు దాటగానే ఆ బలం దిశ మారుతుంది. కీలులో అర మిల్లీమీటరు వదులున్నా, దిశ మారిన ప్రతిసారీ లోపలి గుండు గిన్నె గోడను కొడుతుంది. మనకు వినిపించే టకటక అదే.

దీన్నిబట్టి పరీక్ష దానంతటదే తయారవుతుంది. ఖాళీగా ఉన్న రోడ్డు మీద గంటకు 15 మైళ్ల వేగంతో, ముందు రెండు చక్రాలూ ఒకేసారి ఎక్కేలా స్పీడ్ బ్రేకర్‌ను నేరుగా దాటాలి. తరవాత అదే స్పీడ్ బ్రేకర్ అంచున ఒక్క చక్రమే ఎక్కేలా దాటాలి. నేరుగా దాటినప్పుడు నిశ్శబ్దం, ఒంటి చక్రంతో దాటినప్పుడు చప్పుడు అయితే లింకుల మీద అనుమానం బలపడుతుంది. రెండు సందర్భాల్లోనూ ఒకేలా మోగితే షాక్ పైకొసను, బాల్ జాయింట్లను చూడాలి.

అనుమానం రుజువు కావాలంటే ఇంకో అడుగు వేయాలి. లింకుల కింది కొసలను రెండు వైపులా విప్పి, అవి దేనికీ తగలకుండా తీగతోనో జిప్ టైతోనో పక్కకు కట్టేసి, అదే గతుకుల రోడ్డు మీద గంటకు 20 మైళ్లు దాటకుండా ఒకసారి నడపాలి. స్టెబిలైజర్ పనిచేయదు కాబట్టి మలుపుల్లో కారు మామూలు కన్నా ఎక్కువ ఒరుగుతుంది. అందుకే ఈ పరీక్షను ఇంటి చుట్టుపక్కల వీధులకే పరిమితం చేయాలి, హైవే మీదికి వెళ్లకూడదు. చప్పుడు పూర్తిగా పోయిందా, దోషి లింకుగానీ, కడ్డీని పట్టుకున్న బుష్‌గానీ అని తేలిపోయింది. పోలేదా, లింకులు నిర్దోషులు. మళ్లీ బిగించి ముందుకు సాగవచ్చు. పైసా ఖర్చు లేని ఈ పరీక్షను నేను మొదటే చేసి ఉంటే ఆ రెండు శనివారాలు మిగిలేవి.

చేత్తో ఊపి చూసే పరీక్షలో ఒక మెలిక ఉంది. ఒక్క చక్రాన్నే జాకీతో ఎత్తితే, రెండో చక్రం నేల మీద ఉండటం వల్ల కడ్డీ మెలిపడి లింకులను గట్టిగా లాగి పట్టి ఉంచుతుంది. ఆ స్థితిలో అరిగిన లింకు కూడా బిర్రుగా, కొత్తదానిలా అనిపిస్తుంది. చాలామంది ఇక్కడే “లింకు బాగానే ఉంది” అని పొరబడతారు. కాబట్టి రెండు ముందు చక్రాలూ ఒకే ఎత్తులో వేలాడేటట్టు ఎత్తి గానీ, రెండూ ర్యాంపుల మీద నిలబెట్టి గానీ, లింకు మధ్యభాగాన్ని పిడికిలితో పట్టుకుని చురుగ్గా పైకీ కిందికీ కుదపాలి. రెండో చేతి వేళ్లు కీలు మీద ఆనించి ఉంచితే, కంటికి కనిపించని టక్కు కూడా వేళ్లకు తెలుస్తుంది.

కారును ఎత్తడం

మియాటాను తప్పుగా ఎత్తి పాడుచేసినవాళ్లు తక్కువేమీ కాదు. కింద పొడవుగా కనిపించే రెండు పల్చటి రేకు రైళ్ల కింద జాకీ పెడితే అవి నలిగిపోతాయి. పాత కార్లలో చాలావాటి రైళ్లు ఇప్పటికే అలా చదునై ఉంటాయి. ముందువైపు ఎత్తడానికి ఇంజను కింద అడ్డంగా ఉండే దూలం (క్రాస్‌మెంబర్) మధ్యభాగం, వెనకవైపు ఎత్తడానికి డిఫరెన్షియల్ అడుగుభాగం సరైన చోట్లు. స్టాండ్లను తలుపుల కింద అంచు మీద రెండు గాట్ల మధ్య బలపరిచిన చోటే పెట్టాలి. నేల చదునుగా, గట్టిగా ఉండాలి. ఎండాకాలం మెత్తబడిన తారు మీద స్టాండు దిగబడుతుంది కాబట్టి కింద మందపాటి ప్లైవుడ్ ముక్క వేయాలి. నేల మీద ఉన్న చక్రాలకు దిమ్మలు అడ్డుపెట్టి, స్టాండ్ల మీద దించాక కారును పక్క నుంచి రెండు చేతులతో గట్టిగా ఊపి చూడాలి. అప్పుడు పడితే ఇనుమే పాడవుతుంది. మీరు కింద ఉన్నప్పుడు పడితే సంగతి వేరు. జాకీ ఒక్కదాన్నే నమ్మి ఏ కారు కిందికీ దూరకూడదు.

ఎత్తే ముందు ఒక కొలత తీసుకోవడం మరచిపోవద్దు. కారు నేల మీద మామూలుగా నిలిచి ఉన్నప్పుడు ప్రతి చక్రం మధ్యబిందువు నుంచి పైన ఫెండర్ అంచు దాకా ఎన్ని మిల్లీమీటర్లుందో కొలిచి రాసుకోవాలి. దీని అవసరం బుష్‌ల దగ్గర వస్తుంది.

చక్రాలు గాలిలో ఉండగా

టైరు పైభాగాన ఒక చేయి, కింది భాగాన ఒక చేయి వేసి లోపలికీ బయటికీ ఊపాలి. కదలిక తెలిస్తే అది వీల్ బేరింగ్‌దో బాల్ జాయింట్‌దో తేల్చుకోవాలి. ఇంకొకరిని బ్రేకు గట్టిగా తొక్కి పట్టమని చెప్పి మళ్లీ ఊపండి. బ్రేకు చక్రాన్నీ, దాన్ని మోసే నకిల్ అనే భాగాన్నీ ఒక్కటిగా కట్టేస్తుంది కాబట్టి, కదలిక ఆగిపోతే బేరింగ్, ఆగకపోతే బాల్ జాయింట్. ముందు బేరింగ్, చక్రం బిగుసుకునే హబ్‌తో కలిసి ఒకే యూనిట్‌గా వస్తుంది. పాతకాలపు కార్లలోలా నట్టు బిగించి వదులు తగ్గించే వీలు లేదు, మార్చాల్సిందే. తరవాత చేతులను టైరుకు ఎడమ కుడి పక్కలకు మార్చి ఊపితే టై రాడ్ ఎండ్ సంగతి తెలుస్తుంది. ఈ సమయంలో స్టీరింగు తాళం తీసి ఉంటే చక్రం మామూలుగానే తిరుగుతుంది, దాన్ని వదులనుకోకండి. వెతకాల్సింది రాడ్డు కదిలినా నకిల్ వెంటనే కదలని ఆ చిన్న జాప్యం.

బాల్ జాయింట్ వదులు చేత్తో దొరకకపోవచ్చు. టైరు కింద పొడవాటి గడ్డపార పెట్టి మెల్లగా పైకి ఎత్తుతూ, ఇంకొకరు టార్చి లైటుతో కీళ్లను చూస్తుంటే పై బాల్ జాయింటా, కింది బాల్ జాయింటా అన్నది స్పష్టమవుతుంది. రబ్బరు తొడుగు చిరిగి గ్రీజు బయటికి వచ్చి ఉంటే, ఇవాళ వదులు లేకపోయినా ఆ కీలుకు ఆయుష్షు చెల్లిందనే అనుకోవాలి. బాల్ జాయింట్ ఊడితే చక్రం పక్కకు పడిపోతుంది. అందువల్ల లింకు వదులుతో నాలుగు రోజులు ఓపిక పట్టవచ్చు గానీ, బాల్ జాయింట్ వదులుగా ఉందని తేలిన కారును మరమ్మతయ్యే వరకు కదపకూడదు.

షాక్ పైకొస పరీక్షకు కారు నేల మీదే ఉండాలి. బానెట్ ఎత్తి, ముందు షాక్ బాడీకి బిగుసుకున్న చోట అరచేయి పెట్టి, ఇంకొకరిని ఆ మూల మీద బలంగా నొక్కి వదలమనాలి. లోపల నట్టు వదులుగా ఉంటే టక్కుమన్న దెబ్బ అరచేతికి తగులుతుంది. వెనక షాక్‌ల పైకొసలు డిక్కీ లోపలి నుంచి, పక్క తెర తీస్తే అందుతాయి. ఎవరో ఇంతకుముందు షాక్‌లు మార్చి ఉన్న కారైతే ఈ పరీక్ష ముఖ్యం. పైకొసలో రబ్బరు బుష్‌లు, వాటి మధ్య చిన్న గొట్టం, వాషర్లు ఒక నిర్దిష్ట క్రమంలో ఉండాలి, వాటిలో ఒక్కటి తప్పిపోయినా నట్టు ఎంత బిగించినా రబ్బరు బిగుసుకోదు. చప్పుడు ఆగకపోతే కొత్త షాక్‌ను నిందించకుండా ఆ క్రమాన్ని చూడాలి. ఎత్తు మార్చుకునే స్ప్రింగు-షాక్ స్తంభాలు (కాయిలోవర్లు) వేసిన కార్లలో రెండు విషయాలు అదనం: ఎత్తు మార్చే రింగులను బిగించే లాక్ కాలర్ వదులై ఉండవచ్చు, లేదా స్ప్రింగు పొట్టిదై చక్రం వేలాడినప్పుడు తన గిన్నె నుంచి జారి, మళ్లీ దిగేటప్పుడు ఖంగుమనవచ్చు.

ఇన్ని చేసినా జాడ దొరక్కపోతే, తీగ లేని చిన్న మైకులను సస్పెన్షన్ భాగాలకు తగిలించి, కారు నడుపుతూ ఒక్కొక్కటిగా వినే పరికరాలు దొరుకుతాయి. లోహంలో శబ్దం ఎటైనా పాకుతుంది. ఎడమ లింకు చప్పుడు క్రాస్‌మెంబర్ గుండా వెళ్లి కుడికాలి దగ్గర వినిపించడం నేను స్వయంగా చూశాను. ఆ మైకులకు అలాంటి భ్రమ ఉండదు, దేని పక్కన ఉంటే అది గట్టిగా వినిపిస్తుంది.

మరమ్మతు

లింకులు మార్చడం గంట పని. రెండు చక్రాలూ ఒకే ఎత్తులో వేలాడుతుండగా, చక్రాలు తీసి, నట్ల మీద ముందురోజు రాత్రే తుప్పు వదిలించే నూనె పోసి ఉంచాలి. బాల్ జాయింట్ రకం లింకులో నట్టుతో పాటు లోపలి స్టడ్డు కూడా తిరుగుతుంటే, స్టడ్డు కొసన ఉన్న గుంటలో అలెన్ కీ పెట్టి పట్టుకుని స్పానర్‌తో నట్టు విప్పాలి. అది కూడా అరిగిపోతే కోసేయడమే. ఎలాగూ పారేసే భాగమే. ఎడమ కుడి రెండూ కలిపే మార్చడం మంచిది, ఒకే వయసున్నవి ఒకేసారి ముసలివవుతాయి. కడ్డీని పట్టుకున్న రబ్బరు బుష్‌లను కూడా అప్పుడే చూసి, కడ్డీ చుట్టూ సందు కనిపిస్తే మార్చేయాలి. రబ్బరుకు మామూలు పెట్రోలియం గ్రీజు రాయకండి, ఉబ్బి మెత్తబడుతుంది. సిలికాన్ గ్రీజు వాడాలి.

షాక్ పైకొస నట్టు విషయంలో ఒక హెచ్చరికను ఎన్నిసార్లు చెప్పినా ఎక్కువ కాదు. షాక్ స్తంభాన్ని కారు నుంచి బయటికి తీసినప్పుడు, స్ప్రింగును కంప్రెసర్‌తో నొక్కి పట్టకుండా నడిమి నట్టు విప్పకూడదు. నొక్కుకుపోయి ఉన్న స్ప్రింగు పైకొసను తుపాకీ గుండులా విసురుతుంది. కంప్రెసర్ లేకపోయినా, వాడిన అలవాటు లేకపోయినా స్తంభాన్ని ఊడదీసి వర్క్‌షాపుకు తీసుకెళ్లి ఆ ఒక్క పనీ చేయించుకోవడంలో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. మొదటి తరంలో షాక్‌ను పైన బాడీకి పట్టే నట్ల బిగింపు 29 నుంచి 36 న్యూటన్ మీటర్లు, కింది బోల్టు 73 నుంచి 93 న్యూటన్ మీటర్లు. రెండో తరం పైకొస నిర్మాణం కొంత వేరు. షాక్‌కు కొద్దిగా ఎక్కువ కదలిక దొరుకుతుందని మొదటి తరం కార్లకు కూడా దాన్ని వేసుకునేవారు ఉన్నారు.

బాల్ జాయింట్ విషయానికొస్తే, కింది దాన్ని విడిగా మార్చవచ్చు. దాన్ని నకిల్ నుంచి విడదీయడానికి చీలిక ఉలి లాంటి పనిముట్టు వాడితే రబ్బరు తొడుగు చిరిగిపోతుంది. తొడుగును మిగుల్చుకోవాలంటే మరతో నొక్కి విడదీసే పనిముట్టే వాడాలి. పై ఆర్మ్‌ను మాత్రం చాలామంది బాల్ జాయింట్‌తో సహా మొత్తంగా మార్చేస్తారు, నేనూ అదే చేస్తాను.

మిషిగన్‌లోనో న్యూజెర్సీలోనో చలికాలం ఉప్పు చల్లిన రోడ్ల మీద తిరిగిన కారైతే, వెనక కింది ఆర్మ్ బయటి కొసన ఉన్న పొడవాటి బోల్టు బుష్ లోపలి గొట్టానికి తుప్పుతో అతుక్కుపోయి ఉండే అవకాశం చాలా ఎక్కువ. దాన్ని బలవంతంగా తిప్పితే విరుగుతుంది. ఆ బోల్టును ముట్టుకోవాల్సిన అవసరం నిజంగా ఉందా అని ముందు ఆలోచించి, ఉంటే కొత్త బోల్టు చేతిలో పెట్టుకున్నాకే మొదలుపెట్టాలి. టెక్సస్, కాలిఫోర్నియా కార్లకు ఈ బాధ తక్కువ.

కింది ఆర్ముల లోపలి కొసల్లో ఉన్న బోల్టులు మామూలువి కావు. వాటి తలల దగ్గర గుండ్రని గీతల చక్రాలు ఉంటాయి. అవి తిరిగితే చక్రం వాలు, దిశ మారిపోతాయి. వదులు చేయాల్సి వస్తే ముందుగా తెల్ల పెయింటుతో ఆ గీతల చక్రానికీ, అది ఆనుకున్న లోహానికీ కలిపి ఒక గీత గీసుకోవాలి. గీతకు గీత కలిపి బిగించినా, ఆ తరవాత వీల్ అలైన్‌మెంట్ చేయించక తప్పదు.

ఇప్పుడు మొదట తీసుకున్న ఆ కొలత పని. ఆర్ముల రబ్బరు బుష్‌లు తిరిగే కీళ్లు కావు. లోపలి గొట్టం బోల్టుతో బిగుసుకుపోతుంది, ఆర్మ్ కదిలినప్పుడు రబ్బరు మెలిపడి మళ్లీ వెనక్కి వస్తుంది. చక్రం వేలాడుతుండగా ఆ బోల్టు బిగిస్తే, కారు నేల మీదికి దిగినప్పుడు రబ్బరు శాశ్వతంగా మెలితిరిగి ఉండిపోతుంది, కారు ఎత్తుగా నిలుస్తుంది, కొత్త బుష్ కొన్ని నెలల్లోనే చిరుగుతుంది. కాబట్టి బోల్టులను ముందు చేత్తో సరిపడా మాత్రమే బిగించి, కింది ఆర్మ్ కింద జాకీ పెట్టి, హబ్ మధ్యబిందువు నుంచి ఫెండర్ దాకా మీరు రాసుకున్న కొలత వచ్చేదాకా పైకి ఎత్తి, అప్పుడు బిగింపు బలాన్ని చూపే టార్క్ రెంచ్‌తో పూర్తిగా బిగించాలి. కారు స్టాండ్ల మీద నుంచి లేస్తోందేమో గమనిస్తూ ఉండాలి. లేస్తే ఆపి, ర్యాంపుల మీద నిలబెట్టి బిగించడం మేలు. పాలీయురిథేన్ బుష్‌లకు ఈ నియమం అక్కర్లేదు, వాటిలో గొట్టం స్వేచ్ఛగా తిరుగుతుంది.

చక్రాల నట్లను 88 నుంచి 118 న్యూటన్ మీటర్ల మధ్య, ఎదురెదురు క్రమంలో, కారు నేలను తాకాక బిగించాలి. మిగతా నట్ల కొలతలకు మీ సంవత్సరపు మోడల్‌కు చెందిన వర్క్‌షాప్ మాన్యువల్‌ను పక్కన పెట్టుకోండి. బిగించిన ప్రతి నట్టు మీదా, దాని పక్క లోహం మీదా కలిపి పెయింటు పెన్నుతో సన్నని గీత గీస్తే, వదులైతే గీత విరిగినట్టు కనిపిస్తుంది.

తరవాత చప్పుడు మొదట విన్న అదే రోడ్డు మీద, అదే వేగంతో, అదే సమయంలో నడపాలి. వేరే రోడ్డు మీద విని సంతోషపడటం నేను చేసిన ఇంకో పొరపాటు. ఒకసారికి ఒక్క భాగమే మార్చి విన్నాకే తరవాతిది మార్చాలి. వంద మైళ్లు తిరిగాక ఒక సాయంత్రం టార్చి లైటు పట్టుకుని ఆ పెయింటు గీతలన్నీ చూసి, విరిగినదాన్ని మళ్లీ టార్క్ రెంచ్‌తో బిగించాలి. లింకు నట్లలో ఒకటి కొద్దిగా సర్దుకుని ఉంటే ఆశ్చర్యపోనక్కర్లేదు, కానీ ఇంకో వంద మైళ్లకు అదే నట్టు మళ్లీ కదిలితే దాని మరలు చెడిపోయాయని అర్థం, కొత్త నట్టు వేయాలి.